ఇచ్చిన చేపకు గడి లేదు

ఆ ఉదయం జంగ్లీఘాట్ రేవులో మత్స్యశాఖ ఆఫీసరు మా బావ ఐసు పెట్టెలోంచి ఒక గ్రూపర్ చేపను పైకి తీసి, మొప్పల వెనక వేలు పెట్టి చూపించాడు. అక్కడ పొలుసు చెదిరి, దారం కట్టి విప్పినట్టు సన్నటి గీత ఉంది. ఇంకో చేపకూ అదే గీత. మిగిలిన ఆరింటికీ గీత లేదు, పెదవి మీద గాలం గాటు మాత్రం ఉంది.

"కాగజ్ మే హుక్ లిఖా హై. యే దో తో జాల్ కా హై," అన్నాడు. కాగితంలో గాలం అని ఉంది, ఈ రెండూ వలలో పడ్డవి అని. కోపంగా అనలేదు. రోజూ చెప్పే మాటలాగే చెప్పాడు.

బావ తల దించుకున్నాడు. ఆ కాగితం రాసింది నేను.

పెట్టె పక్కకు వెళ్లిపోయింది. చేపల్ని విదేశాలకు పంపే పడవల జాబితాలో బావ పడవ నంబరును ఆపేశారు.

మా తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డ కుటుంబాలు మావి. బావది చిన్న ఇంజను పడవ, పట్టేది గాలంతోనే. ఒకప్పుడు తెచ్చిన చేపలు తెచ్చినట్టు బజారులోనే అమ్మేవాడు. కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారి గ్రూపర్లను చెన్నై పంపి, అక్కడినుంచి విదేశాలకు ఎగుమతి చేయడం మొదలుపెట్టాడు. కొనే దేశం ఒక చట్టం చేసుకుంది. తమ రేవులో దిగే ప్రతి చేప ఏ పడవ పట్టింది, ఎక్కడ పట్టింది, దేనితో పట్టింది అన్నది కాగితం మీద ఉండాలి. పెద్ద ఓడలతో సముద్రాన్ని దోచుకునేవాళ్లను అడ్డుకోవడం దాని ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు. దానికి తగ్గట్టు ఇక్కడి ప్రభుత్వం ఒక సర్క్యులర్ తెచ్చింది. అది మా పత్రిక ఆఫీసులో నా బల్ల మీదికే వచ్చింది. లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశాను. సర్క్యులర్లను నాలుగు లైన్లకు కుదించడమే నా జీవితమంతా చేసిన పని. ఆ నాలుగు లైన్లు ఏ రేవులో ఎవరి పెట్టె మీద పడతాయో ఆలోచించలేదు.

ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. బావ తెలుగు బైబిలును వేలు పెట్టి చదువుకుంటాడు, అంతవరకే. అందుకని ఆఫీసుకు వెళ్లే దారిలో రేవు దగ్గర ఆగి ఫారం నింపడం నా వంతయింది.

మా రేవులో ఒక అలవాటు ఉంది. దానికి పేరు లేదు. ఎవరి పడవైనా పెట్టె అడుగు కనిపించేంత తక్కువ చేపతో వస్తే, పక్కన కట్టిన పడవవాడు తన చేపల్లోంచి రెండు తీసి అందులో వేసేస్తాడు. వేసినవాడు చెప్పడు. వేయించుకున్నవాడు అటు చూడడు. మాట్లాడితే అది దానమైపోతుంది. అలాంటి చేపలు తినే నేనూ మా అక్కా పెరిగాం.

పెట్టె ఆగిన ముందురోజు బావ ఇంజను సముద్రం మీద మొరాయించింది. ఆరు చేపలతో తిరిగొచ్చాడు. ఐసు తేవడానికి పైకి వెళ్లి వచ్చేసరికి పెట్టెలో ఎనిమిది ఉన్నాయి. ఆ తర్వాత నేను వెళ్లాను.

"ఎన్ని బావా?"

"పెట్టెలో ఎన్నుంటే అన్ని రాయి."

ఆ మాటకే నాకు అర్థం కావలసింది. ఎనిమిది అని రాసి, పక్క గడిలో గాలం అని రాసి, ఆఫీసుకు టైమవుతోందని ఆటో ఎక్కేశాను.

పెట్టె ఆగిన రోజు సాయంత్రం అక్క నాకు చాయ్ ఇచ్చింది గానీ గ్లాసు చేతికి ఇవ్వలేదు, గట్టు మీద పెట్టింది.

"పేపరోడివి. ఊరందరికీ రూల్సు సెప్తావు. మీ బావకి సెప్పనేకపోయావా?"

"సెప్పేడే, నాలుగు లైన్లు," అన్నాడు బావ. "ఆ పేపర్లోనే కదేటి నువ్వు మొన్న ఎండుచేప సుట్టి ఇచ్చావు."

అక్క నవ్వలేదు. "నవ్వులాటగా ఉందేటి? ఆడి పేరు సెప్పీ. ఆ దినం నీ పక్కన వల పడవ ఒక్కటే ఉంది. రేవంతా ఎరుకే."

"ఆడి రిజిస్ట్రేషను కాగితాలు ఆఫీసులోనే పడున్నాయి. అవి వచ్చీదాకా ఆడు సముద్రంలోకే ఎల్లకూడదు. నాను పేరు సెప్తే ఆడి పడవే పోద్ది."

"సెప్పకపోతే నీది ఆగిపోద్ది."

"ఆగిపోద్ది," అన్నాడు బావ. "సెప్పీసి రేపు ఆడి పక్కన పడవెలా కడతాను?"

మర్నాడు నేనొక్కడినే ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ప్రోతరాపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, చెడ్డవాడు కాదు. పక్కవాడు ఇచ్చిన చేపను ఫారంలో ఎక్కడ రాయాలని అడిగాను. ఆయన ఫారం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"భాయ్‌సాబ్, ఐసా కాలమ్ నహీ హై," అన్నాడు. అలాంటి గడే లేదట. "బోట్ కా నంబర్ బోలో, కామ్ ఖతమ్." ఇచ్చిన పడవ నంబరు చెబితే పని అయిపోతుందట.

ఆ వల పడవ నంబరు నాకు తెలుసు. చెప్పలేదు. బావ వద్దన్నాడని కాదు, నాకూ నోరు రాలేదు. ఇచ్చిన చేప గురించి నియమం ఏమిటో తెలుపమని అక్కడే కూర్చుని ఒక ఉత్తరం రాసిచ్చాను. దాన్ని చెన్నైకి పంపుతానని, వాళ్లు పైకి రాస్తారని, అవసరమైతే కొనే దేశాన్ని కూడా అడుగుతారని చెప్పాడు.

బావ ఇప్పుడు ఒడ్డుకు దగ్గరగా తిరిగి కవ్వళ్ల లాంటి చిన్న చేపలు తెస్తున్నాడు. బజారులో అవే పోతాయి. పోయిన వారం రేవుకు వెళ్లినప్పుడు ఆయన పెట్టెలో అడుగు కనిపిస్తోంది. పక్కన రెండు పడవలున్నాయి, రెండింట్లోనూ చేప నిండుగా ఉంది. పెట్టెల మూతల మీద పడవ నంబర్లు అంటించి ఉన్నాయి. ఆ మనుషులు బావను చూశారు, తాళ్లు చుట్టుకున్నారు. మూతలు తెరవలేదు. వాళ్లను తప్పు పట్టలేను. ఆ నంబర్లున్న పెట్టెల్లోంచి ఒక చేప తగ్గినా, ఇంకో పెట్టెలో ఒకటి పెరిగినా ఏమవుతుందో వాళ్లు మా బావను చూసే నేర్చుకున్నారు.

బావ పెట్టెను భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. "మంచిదేలే బామ్మర్దీ, నీకు రాసీ పని తగ్గింది," అన్నాడు.

నా ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదు. వల పడవవాడి కాగితాలూ రాలేదు. ఆఫీసు గోడ మీది జాబితాలో బావ పడవ నంబరు ఎదురుగా 'పెండింగ్' అనే ఉంది.