కుడి దిక్కు గోడ

ఈ పొద్దున మా వీధి మలుపులో ఎవరో బ్రేకు గట్టిగా తొక్కారు. కాలిన రబ్బరు వాసన వంటింటి దాకా వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నాకు భయమేస్తుంది, వెంటనే వీరేశం ఉస్తాద్ గుర్తొస్తాడు.

పంతొమ్మిదివందల యాభైలలో, హైదరాబాదు శాలిబండలోని ఆయన కార్ల వర్క్‌షాపులో నేను మెకానిక్‌ను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఉస్తాద్ మిలిటరీ బండ్లు బాగుచేసేవాడు. అక్కడ కలిసి పనిచేసిన ఒక అమెరికావాడు చెప్పిన కార్ల పందేల కథలు ఈయన తలకెక్కాయి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే చాలు, మొదలుపెట్టేవాడు. మొదట్లో గుర్రప్పందేల మైదానాల్లోనే కార్లు తిప్పారట. తర్వాత చెక్క పలకలతో కోడిగుడ్డు ఆకారంలో దారులు కట్టారట. పలకలు విరిగితే పేళ్లు లేచి డ్రైవర్ల మొహాన కొట్టేవట. ఎప్పుడూ ఎడమకే తిరగాలి, బయటి గోడ కుడివైపు ఉండేదట. డ్రైవరు పక్కన మెకానిక్ కూర్చునేవాడు. మేము అన్నం మరిచిపోయి వినేవాళ్లం.

వచ్చిన చిక్కల్లా ఆ కథల్లోంచి ఆయన మా షాపుకొక చట్టం తెచ్చుకోవడమే. బ్రేకు పని చేసిన మెకానిక్, పరీక్ష రోజు పక్కన కూర్చోవాల్సిందే. ఉప్పుగూడ దగ్గర ఖాళీ నేలలో తారు డబ్బాలు వరసగా పెట్టి కోడిగుడ్డు దారి ఒకటి తయారుచేశాడు. అందులో ఎడమకు, మళ్లీ ఎడమకు, దుమ్ము లేచేలా తోలేవాడు. నేను సీటు అంచు పట్టుకుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేవాణ్ణి. అప్పుడు నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ఇంట్లో చెబితే ఆమె బెదురుతుంది, షాపులో చెబితే నవ్వుతారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఉస్తాద్, అమెరికాల తర్వాత మెకానిక్‌ను దింపేసిన్రని నువ్వే చెప్తివి గదా?"

"అవ్, దింపిన్రు. మస్తు మంది సచ్చిన్రని."

"మరి నన్నెందుకు కూసోవెడ్తున్నవ్?"

ఆయన నవ్వలేదు. "రేపు గీ కార్ల వకీల్‌సాబ్ పిల్లలు కూసుంటరు. మనం కూసోనిదాంట్ల ఆళ్లను కూసోవెడ్దామా? భయమైతే మంచిదే. భయమున్నోడే నట్టు రెండోసారి చూస్తడు."

ఆ వకీలుగారి కారుకు అసలు గొట్టం దొరకక, వేరే బండి బ్రేకు గొట్టం అమర్చాం. కోడిగుడ్డు దారిలో చక్కగా ఆగింది. అప్పగించి వద్దామని ఇద్దరం బయల్దేరాం. ఆయన కుడివైపు స్టీరింగు దగ్గర, నేను ఎడమ సీటులో. సందుల్లో కుడికి, మళ్లీ కుడికి తిరిగి శాలిబండ దిగుడు మీదికి వచ్చాం. బడి వదిలిన వేళ. కింద రోడ్డు నిండా పిల్లలు. ఉస్తాద్ బ్రేకు తొక్కాడు. అది నేలదాకా దిగిపోయింది.

"బ్రేక్ లేదురా" అన్నాడు మెల్లగా.

హారన్ మోగిస్తూ హ్యాండ్ బ్రేకు లాగాడు. టైర్ల రబ్బరు కాలిన వాసన వచ్చింది కానీ కారు ఆగలేదు. నా పక్కనే, చేతికందేంత దూరంలో రాతిగోడ. దానికే కొడతాడు, ఇక బిడ్డ మొహం చూడకుండానే పోతాననుకుని కళ్లు మూసుకున్నాను. కారు ఒక్కసారిగా కుడికి ఊగింది. రోడ్డు దాటి, అవతలి గోడకు ఒరుసుకుంటూ, రేకు చిరిగే చప్పుడుతో పిల్లలకు కాస్త ఇవతల ఆగింది. నాకు గీత కూడా పడలేదు. ఆయన కుడి మోచెయ్యి నుజ్జయింది.

మర్నాడు ఆయన చూస్తుండగా చక్రాలు తిప్పి చూశాను. కుడికి పూర్తిగా తిప్పితే ఆ గొట్టం టైరుకు తగులుతోంది. అక్కడే తెగింది. ఎప్పుడూ ఎడమకే తిరిగిన మాకు అది ఎలా తెలుస్తుంది?

"నా అమెరికా పిచ్చి కొంప ముంచింది" అన్నాడు ఉస్తాద్, కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ.

"గోడ నా దిక్కే దగ్గరుండె గదా ఉస్తాద్. గంత దూరం కుడికెందుకు తిప్పినవ్?"

ఆయన ఎటో చూశాడు. "పందేలల్ల గోడ ఎప్పుడు కుడి దిక్కే ఉంటదిరా. గదే అలవాటైంది."

ఉప్పుగూడలో మేము తిరిగిన నేలకు ఏ దిక్కూ గోడ లేదు. మరి ఆయనకు ఆ అలవాటు ఎక్కడిది?

ఆ చెయ్యి మళ్లీ సాపుగా చాచలేకపోయాడు. ఆ వంకర చేత్తోనే నా కూతుర్ని మొదటిసారి ఎత్తుకున్నాడు. ఆయన పోయాక షాపు నేనే నడిపాను. ఏ బండినీ రెండువైపులా తిప్పి చూడందే, నేను కూర్చోందే ఎవరికీ ఇవ్వలేదు. భయం మాత్రం పోలేదు, పోవాలని కోరుకోనూ లేదు. ఇప్పటికీ పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని దిగుడు దిగుతుంటే, నేను కూర్చున్న కుడివైపు గోడ ఎక్కడుందా అని నా కళ్లు ముందు వెతుకుతాయి.