బాబాయి వెనక్కి తిప్పిన స్క్రూ

మీరు పిరికివాళ్ళు, ఏజాక్స్ తెలుగువాళ్ళారా. మీలో ఇద్దరు కళ్ళారా చూశారు, మిగతావాళ్ళు విన్నారు, అందరూ కలిసి నోరు మూసుకున్నారు. ఈ మాట ఇదివరకే రాయబోతే మా బాబాయి వద్దన్నాడు. “మనవాళ్ళేగా, వాళ్ళంతట వాళ్ళే వస్తార్లే అమ్మాయ్,” అన్నాడు. పోయిన గురువారం ఏజాక్స్‌లో ఆయన గుండెపోటుతో కన్నుమూశాడు. మీరు రాలేదు. వాట్సాప్‌లో దండాలు మాత్రం పెట్టారు.

బాబాయిది విజయవాడ. లారీల డీజిల్ పంపులు విప్పి బాగుచేసే పని అక్కడ నేర్చుకుని, కెనడా వచ్చి ఈ ఏజాక్స్ శివార్లో షెడ్డు తీసుకున్నాడు. ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పాత డీజిల్ పికప్ ట్రక్కులు. వాటి పంపు మీద ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని లోపలికి తిప్పితే ఇంజనుకు డీజిల్ ఎక్కువ అందుతుంది, బండికి బలం వస్తుంది. ఆ బలమంటే ఆయనకు ప్రాణం. తన చెయ్యి లాంటి చెయ్యి ఒంటారియోలోనే లేదని ఆయనే చాటుకునేవాడు. వినయం అనే జబ్బు ఆయనకు ఎప్పుడూ సోకలేదు. సైలెన్సర్ లోంచి నల్లటి పొగ చూసి నేను గాలి గురించీ, భూమి గురించీ అందుకుంటే, “నీ ఉపన్యాసం కంటే ఈ పొగ తొందరగా పోతుందిలే,” అని నవ్వేవాడు.

కానీ ఆయనకు రెండు పట్టింపులుండేవి. స్క్రూ ముట్టుకునే ముందు, అది ఎక్కడుందో అక్కడ పిన్ని గోళ్ళరంగుతో ఎర్రగా గుర్తు పెట్టేవాడు. పిన్ని కొత్త సీసా కొన్నప్పుడల్లా దాచుకోవాల్సి వచ్చేది. ఎక్కడ మొదలుపెట్టామో తెలియనివాడికి ఎక్కడ ఆపాలో కూడా తెలియదని ఆయన అనేవాడు. రెండోది, పని అయ్యాక ట్రైలర్‌కు లోడు తగిలించి, బండి యజమానే నడపాలి, తను పక్కన కూర్చోవాలి, దిగుడు రోడ్డులో బ్రేకు వేసి చూడాలి. ఇంజనుకు బలం వచ్చిందని జనం లోడు పెంచుతారు, ఆపాల్సి వచ్చేసరికి ఉండేది ఆ పాత బ్రేకులే. “బండి ఎవడిదో వాడి కాళ్ళు ఒక్కసారైనా వణకాలి,” అనేవాడు.

ఇక్కడి కాలేజీలు సీట్లు అమ్ముకున్నంత అమ్ముకుంటున్న రోజులవి. కరీంనగర్ నుంచీ, కాకినాడ నుంచీ పిల్లలు దిగుతూనే ఉన్నారు. వాటర్లూ నుంచి ఏజాక్స్ దాకా ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా మనపిల్లలే. వీళ్ళు ఎక్కడుంటారు, ఏం పని చేస్తారు అని పిలిచినవాళ్ళెవరూ చూడలేదు. ఫీజు వస్తోంది కదా అని గేట్లు తెరిచారు. సరే, ప్రభుత్వాన్నీ కాలేజీలనూ తిడదాం, నేను ఎప్పుడూ తిడుతూనే ఉన్నాను. మరి మనం? ఆ పిల్లల అవసరాన్ని చవగ్గా కొనుక్కున్నది మనం కాదా?

అలా కొనుక్కున్నవాళ్ళలో ఒకాయన పాత కార్లు కొని అమ్మే పెద్దమనిషి. మన ఒంటారియోలోనే ఉన్న లండన్‌లో కార్ల వేలం నుంచి ట్రైలర్ మీద ఒకటి కాదు, రెండు కార్లు తేవాలని తన ట్రక్కును బాబాయి దగ్గరికి తెచ్చాడు. బాబాయి గుర్తు పెట్టాడు, స్క్రూ తిప్పాడు, బ్రేకు చూద్దాం పద అన్నాడు. పెద్దమనిషి తాళం తీసి, వెంట వచ్చిన అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆమె కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల.

“నువ్వు నడపవయ్యా. బండి నీదేగా?”

“నాకు ట్రైలర్ అలవాటు లేదంకుల్. వీళ్ళు స్టూడెంట్స్, మేనేజ్ చేస్తారు.”

బాబాయి ఆ పిల్ల వైపు తిరిగి భయం లేదా అని అడిగాడట.

“ఉంది అంకుల్. వద్దంటే పని పోతది.”

ఆయన మళ్ళీ బానెట్ ఎత్తి, స్క్రూను ఎర్ర గుర్తు దాకా వెనక్కి తిప్పేశాడు. ప్రతిదానికీ గొప్పలు పోయే మనిషి ఈ సంగతి మాత్రం ఆదివారం అన్నం దగ్గర తల వంచుకుని చెప్పాడు.

పెద్దమనిషి ఆ పని ఇంకెక్కడో చేయించుకున్నాడు. కొన్ని వారాలకు, రెండు కార్ల లోడుతో దిగుడులో ఆ బండి ఆగలేదు. రోడ్డు దిగి గుంటలో పడింది. అమ్మాయి చెయ్యి విరిగింది. తనను అడక్కుండా ట్రక్కు తీసుకెళ్ళిందని ఆయన పోలీసులకు చెప్పాడు. ఇప్పుడు ఆమె మీద కేసు. అది రుజువైతే ఇక్కడ ఉండి చదువుకునే పర్మిట్ పోతుంది, చదువు పోతుంది, ఈ దేశంలో ఆమెకు ఇంకేమీ మిగలదు.

ఆ ట్రక్కు నడిపే పని ఆమెకు పెట్టిందే ఆయననీ, తన కళ్ళముందే తాళం ఆమెకిచ్చాడనీ కోర్టులో చెప్తానన్నాడు బాబాయి. మీ ఫోన్లు మొదలయ్యాయి. మనవాళ్ళ మధ్య గొడవలెందుకని మీరు. “మరి ఆ పిల్ల ఎవరి మనిషయ్యా?” అని ఆయన. ఆ తర్వాత మీ బండ్లు ఆ షెడ్డుకు రావడం మానేశాయి.

పనిలేని ఆ రోజుల్లో ఆయన ఆమెను పిలిపించేవాడు. ఆ ప్రమాదం తర్వాత స్టీరింగ్ ముట్టుకోని పిల్లను ఆగి ఉన్న ట్రక్కులో కూర్చోబెట్టి, ఊరికే బ్రేకు తొక్కించేవాడు. తొక్కు, వదులు, మళ్ళీ తొక్కు. ఒకరోజు నేను టిఫిన్ తీసుకుని వెళ్ళేసరికి ఆమె ఇంజను స్టార్ట్ చేసి కూర్చుంది. బాబాయి బయట నిలబడి, చేతులు కట్టుకుని, పరీక్ష పాసైంది తనే అన్నట్టు చూస్తున్నాడు.

పెద్దమనిషి తాళం ఆమె చేతిలో పెట్టిన రోజు నేను షెడ్డులో లేను. బాబాయి నాకు చెప్పింది కోర్టులో సాక్ష్యం కాదు. కానీ గోడ పక్క బెంచీ మీద టీ తాగుతూ మీలో ఇద్దరున్నారు. వాళ్ళెవరో ఆయన నాకు చెప్పాడు.

సంతాపసభ కోసం హాలు చూస్తున్నారట. హాలు వద్దు. ఇవి చెయ్యండి.

బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ ఆ అమ్మాయి లాయరుకు ఫోన్ చెయ్యండి. నంబరు పిన్ని ఇస్తుంది.

చూసింది చూసినట్టు చెప్పండి. బాబాయి ఎంత మంచివాడో అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

పెద్దమనిషీ, పోలీసులకు చెప్పిన అబద్ధం వెనక్కి తీసుకో.

కేసుందని ఆమెను బేస్‌మెంటు ఖాళీ చెయ్యమన్న ఇంటివాళ్ళు ఆ మాట మానుకోండి.

స్టూడెంట్ల చేతికి బండి ఇచ్చేవాళ్ళు, అదే లోడుతో ముందు మీరు నడపండి.

వచ్చే నెల కోర్టులో సాక్షిని పిలిచినప్పుడు లేచి నిలబడండి.