జపాను కుస్తీలో ముందు ఓటములు చూడాలి

జపాను కుస్తీ ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే: గొప్ప మ్యాచ్‌తో మొదలుపెట్టకండి, దానికి ముందువి చూడండి. నాకు ఇది ఒక పెళ్ళి పుణ్యమా అని తెలిసింది.

తొంభైల చివర్లో మా అన్నయ్య జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. యంత్రం బిగించడానికి వచ్చిన ఒక జపానాయన తిరిగి వెళ్తూ సంచీడు వీడియో క్యాసెట్లు అతనికి వదిలేశాడు. కేబుల్ వచ్చిన దగ్గర్నుంచీ అమెరికా కుస్తీ చూసి ఇంటిల్లిపాదితో వాదించేది నేనే కాబట్టి, సంచీ నా దగ్గరకి చేరింది. పేటలో మాది మిర్చి, అపరాల హోల్‌సేల్ వ్యాపారం. కింద కొట్టు, పైన కాపురం. మా వీసీఆర్‌లో ఆ క్యాసెట్లకి రంగు రాలేదు, నలుపు తెలుపుల్లోనే ఆడాయి.

ముందు మా ఆయనకి చూపించాను. అన్నిటిలోకీ గొప్పదే పెట్టాను. రెండు మోకాళ్ళకీ కట్లు కట్టుకున్న కుర్రవాడు, మొహంలో ఏమీ కనిపించనివ్వని పెద్ద ఛాంపియన్‌ని ఓడించే మ్యాచ్ అది.

"గెలిచాడు. అయితే ఏంటంట?" అన్నారాయన. "అయినా ముందే అనుకుని ఆడేదేగా ఇదంతా."

"వేదాద్రిలో స్వామి కల్యాణానికి ఏటా వెళ్తారుగా, తాళి ఎవరికి కడతారో తెలీకే వెళ్తున్నారా?"

"దేవుడితో పోలికేంటి, నీ మొహం," అని పేపరు తిప్పారు. వాదనలో నేను గెలిచాను గానీ మ్యాచ్ ఓడిపోయింది.

అంతలో మరిదికి నందిగామ సంబంధం కుదిరింది. పెళ్ళి వీడియో కాపీలకి క్యాసెట్లు మీవే ఇస్తే కలిసొస్తుందని వీడియో అబ్బాయి చెప్పాడు. అత్తగారి చూపు నా సంచీ మీద పడింది.

"అమ్మాయ్, ఆ జపానోళ్ళ మీద మన పెళ్ళి ఎక్కించమని చెప్పా. మూలనున్న చిల్లుకి సెల్లోటేపు అంటిస్తే పాతది చెరిగి కొత్తది ఎక్కుద్దంట."

పోతే మళ్ళీ దొరికేవి కావు. కాదంటే కొడుకు పెళ్ళికి అడ్డుపడ్డ కోడలినవుతాను. అందుకని, ఇచ్చేలోపు నేను ఒకసారి అన్నీ చూసుకుంటానన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ మిరపకాయల తొడిమలు తీస్తూ ఆ గదిలోనే కూర్చునేవారు. చూడలేదనే అనేవారు.

పేర్లు జపాను లిపిలో ఉన్నాయి, ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. కుర్రవాడి మోకాళ్ళను పట్టి వరుస పెట్టాను: కట్టు లేనివి, ఒక కాలికి ఉన్నవి, రెండింటికీ ఉన్నవి. ఆ వరుసన చూస్తే అతను ఓడుతూనే ఉన్నాడు. అందరూ అందరితో తలపడే పోటీలో, పాయింట్లు దగ్గరదాకా వచ్చి, ఓడాడు. జోడీ కట్టి, జోడీని కాపాడబోయి, ఓడాడు.

"మళ్ళీ ఓడాడా సన్నాసి?" అన్నారు అత్తగారు, తల ఎత్తకుండా.

"చూడట్లేదన్నారుగా."

"చెవులున్నయ్యిగా. ఆ పెద్దోడికి కడుపునొప్పా, మొహం అట్టా పెట్టాడు? మోకాలు బాగలేనోడు అంతెత్తు నుంచి దూకటం దేనికి?"

"అది తగిల్తేనే గెలుస్తాడండి."

"గెలిచాడా?"

"లేదండి."

"మరి?"

నేను తర్వాతి క్యాసెట్ పెట్టాను. మర్నాడు ఆవిడే ముందొచ్చి కూర్చున్నారు. నడుమ ఆడవాళ్ళ జోడీల పోటీ చూపించాను. ఈళ్ళు నయం, ఎవరి మీద కోపమో మొహానే చెబుతున్నారన్నారు. మీరూ అది తప్పక చూడండి. ముళ్ళతీగల మధ్య బాంబులు పేల్చే రకం మాత్రం ఆవిడకి నచ్చలేదు. "తీగ మీద పడితే కుస్తీ ఎట్టయిద్ది? చేల్లో మనోళ్ళూ పడతారు." ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు.

ఆఖరి క్యాసెట్ మిగిలి ఉండగా వీడియో అబ్బాయి వచ్చేశాడు. అత్తగారు అతన్ని కింద కొట్టులో కూర్చోబెట్టి, మజ్జిగ పంపి, నన్ను క్యాసెట్ పెట్టమన్నారు. పెద్దోడు కొడుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి కాయల మీద ఆగిపోయింది. కుర్రవాడు గెలిచి, లేవలేక అక్కడే పడి ఉంటే, ఆవిడ ఒళ్ళో కాయలు బుట్టలో పోసి లేచారు. తర్వాత మెట్ల దాకా వెళ్ళి కిందికి కేకేశారు.

"ఇయ్యి ఇయ్యనయ్యా. ఆ ముళ్ళతీగలోళ్ళని పట్టికెళ్ళు."

"ఏంటమ్మా, నువ్వు కూడానా?" అన్నారు మా ఆయన కొట్టులోంచి.

"నువ్వు చివర్లో వచ్చి చూశావు. నీకేం తెలుసు."

పెళ్ళయింది. కొన్నాళ్ళకి కొత్త తోడికోడలు నందిగామ పుట్టింటికి వెళ్ళొచ్చి, నన్ను వంటింట్లో పట్టుకుంది.

"అక్కా, మా వాళ్ళంతా కూర్చుని క్యాసెట్ చూశారు. అప్పగింతల్లో నేను ఏడుస్తుంటే పెళ్ళి వీడియో అయిపోయి, ఢామ్మని ఏదో పేలింది. మా తాతయ్య జడుసుకున్నాడు. ఆ తీగల్లో పడ్డాయన బతికాడా?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు మిరపకాయల బుట్ట జరిపి చోటిచ్చారు.

"వాడి సంగతి తర్వాత. ముందు కట్టు లేనప్పటిది చూద్దువుగాని, ఇట్టా కూర్చో."