తాడు చివర నా వెనక ఎవరూ లేరు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. శాంటా క్లారాలో ఇల్లు కొన్నప్పుడు గృహప్రవేశానికి వచ్చిన ఒక అంకుల్ మా గెస్ట్ రూమ్‌లో నిలబడి "ఇక్కడేదో ఉందయ్యా" అన్నాడు. ఆరేళ్ళయింది. ఆయనతో నేను ఇప్పటికీ మాట్లాడను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం వేసవిలో నేనూ, మా ఆఫీసులో పనిచేసే కిరణూ కలిసి వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గ్లేసియర్ మీద నాలుగు రోజుల పర్వతారోహణ కోర్సులో చేరాం. మా గైడ్ పేరు డానా. రెండో రోజంతా జారిపడితే ఎలా ఆగాలో నేర్పింది. ఐస్ యాక్స్‌ను, అంటే మంచుగొడ్డలిని, ఛాతీ కింద పెట్టుకుని, దాని మొన మంచులోకి దిగేలా బోర్లా పడి, ఒళ్ళంతా దాని మీద మోపాలి. నాలుగుసార్లు ప్రయత్నిస్తే నేను ఆగింది ఒక్కసారి. "దాన్ని సెల్ఫీ స్టిక్‌లా పట్టుకున్నావు" అంది డానా, అందరి ముందూ. అందరికంటే గట్టిగా కిరణే నవ్వాడు. ఇది నేను మర్చిపోలేదు.

మూడో రోజు పొద్దున శిఖరానికి బయలుదేరాం. ఒకరు పడితే మిగతావాళ్ళు ఆపేలా ఒకే తాడుకి నలుగురం నడుములు కట్టుకుని నడవాలి. ట్రాయ్ అనే ఊరి నుంచి వచ్చిన నాలుగో అతను కాళ్ళు బొబ్బలెక్కి డేరాలోనే ఉండిపోయాడు. ముందు డానా, ఆమెకు నలభై అడుగుల వెనక కిరణ్, ఇంకో నలభై అడుగుల వెనక నేను. నా తర్వాత మిగిలిన తాడు చుట్ట చుట్టి నా బ్యాగులోనే ఉంది. చివరివాడి దగ్గర అలా ఉంచడం పద్ధతి.

"నువ్వు మా లంగరువి రా. తొంభై అయిదు కేజీల లంగరు" అన్నాడు కిరణ్. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముఖం చిన్నది చేసుకున్నాడు. "ముగ్గురమైపోయాం. ముగ్గురు బయలుదేరకూడదు రా."

కింద నుంచి ఒక గులకరాయి ఏరి నా బ్యాగు పక్కజేబులో వేశాడు. ముగ్గురు వెళ్ళాల్సి వస్తే నాలుగో మనిషిగా ఒక రాయిని వెంట తీసుకెళ్ళడం మనవాళ్ళలో ఉన్నదే.

"మాస్టర్స్ చేసి రాయి మోస్తావా? మోస్తే నీ బ్యాగులో మోసుకో" అన్నాను.

"నీకు బరువొక లెక్కా రా?"

ఆ మాటకి ఒళ్ళు మండింది. రాయి తీసి అతను చూస్తుండగానే దూరంగా విసిరేశాను.

తొమ్మిది గంటలకల్లా మబ్బు కిందికి దిగింది. ఒక చోట దారి కొంచెం కిందికి వాలి ఉంది. కిరణ్ కనిపిస్తున్నాడు, డానా కనిపించడం లేదు. అంతలో ఏదో పెద్ద తలుపు వేసినట్టు చప్పుడైంది. కిరణ్ వెల్లకిలా పడి ముందుకు జారిపోవడం చూశాను. మంచు పగులు మీది పొర విరిగి డానా అందులో పడిపోయింది. ఆమె బరువుకి కిరణ్, ఇద్దరి బరువుకి నేను.

నేను పడ్డాను, జారాను. ముఖం మంచులో గీరుకుపోతోంది. బూట్ల కింది ఇనుప ముళ్ళు దేన్నీ పట్టుకోలేదు. నా చేతుల్లో ఐస్ యాక్స్ లేదు.

అప్పుడు ఆగిపోయాను.

మెల్లగా కాదు. నా నడుముని వెనక నుంచి పట్టి లాగినట్టు ఒక్కసారిగా. తాడు తగిలించిన హార్నెస్ బెల్టు కడుపులోకి దిగింది. ముందు తాడు బిగిసి ఉంది, సరే. వెనక కూడా బిగిసి ఉంది.

కిరణ్ పగులు అంచుకి నాలుగడుగుల దూరంలో ఆగాడు. తల తిప్పి నా వైపు చూశాడు. నన్ను కాదు, నా వెనక్కి.

"ఆయన్ని గట్టిగా పట్టుకోమను రా! వదలొద్దను!"

నేను తల తిప్పలేకపోయాను. ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించిందని చెప్పను. ఏమీ వినిపించలేదు. పగులులోంచి డానా అరుస్తూ ఒక్కొక్క పనీ చెప్తోంది. కిరణ్ ఏడుస్తూనే, మొదటి రోజు నేర్చుకున్నట్టు మంచు తవ్వి యాక్స్‌ని పాతి తాడు దానికి కట్టాడు. నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను. పావుగంట పట్టిందనుకుంటాను. ఆ పావుగంటా ముగ్గురి బరువూ వెనక ఆ తాడు మీదే ఉంది.

కిరణ్ కట్టడం పూర్తి కాగానే వెనక పట్టు వదిలింది. లేచి చూశాను. బ్యాగు మూత తాడు నేనే ముడివేశాను. అది విప్పి ఉంది. మిగులు తాడు మొత్తం బయటికొచ్చి ఎగువకు గీత గీసినట్టు పడి ఉంది. చివర ముడి లేదు, కొక్కెం లేదు, ఏమీ లేదు. జారుతున్నప్పుడు బ్యాగులోంచి ఊడిపోయిందంటారా? ఊడితే కుప్పగా పడాలి. ఆ పక్కన ఉన్నవి మేము ముగ్గురం నడిచొచ్చిన అడుగులే. ఆ రోజు ఆ వైపు ఇంకో బృందం రాలేదని తర్వాత డానాయే చెప్పింది.

డానా తాడు పట్టుకుని తనంతట తను ఎక్కివచ్చింది. రెండు పక్కటెముకలు విరిగాయి. నన్ను కావలించుకుంది.

తిరిగి వస్తూ కారులో కిరణ్‌ని అడిగాను, ఎవర్ని చూశావని.

"కూర్చుని ఉన్నాడు రా. మడమలు మంచులో తన్నిపెట్టి వెనక్కి వాలి. ఇంకో టీమ్ అనుకున్నా" అన్నాడు. వారం తర్వాత మళ్ళీ అడిగితే, "మబ్బు రా బాబూ, నాకేం కనబడిందో నాకే తెలీదు. పట్టుకుంది నువ్వే. వదిలెయ్ ఇంక" అన్నాడు. మాట మార్చడం అంటే ఇదే. అదీ నేను మర్చిపోలేదు.

ఆ కోర్సు నడిపే కంపెనీ వాళ్ళు నా సమయస్ఫూర్తి ఇద్దరి ప్రాణాలు కాపాడిందని తమ రిపోర్టులో రాశారు. అది తప్పని, దిద్దమని ఇప్పటికి నాలుగు మెయిళ్ళు పెట్టాను. ఇలాంటి ప్రమాదాల తర్వాత జ్ఞాపకం సరిగా ఉండదని మర్యాదగా జవాబిచ్చారు. నా జ్ఞాపకం సరిగానే ఉంది. అదే నా బాధ.

మెయిళ్ళలో కూడా రాయనిది ఇక్కడ రాస్తున్నాను. యాక్స్ నా చేతిలోంచి జారిపోలేదు. నేనే వదిలేశాను, రెండు చేతులూ కావలసి వచ్చి. తాడుని నా నడుముకి పట్టి ఉంచే కొక్కెం మర తిప్పుతున్నాను. తిప్పడం పూర్తయింది కూడా. కొక్కెం నోరు తెరిచాను. తాడు బిగిసి ఉండబట్టి బయటికి రాలేదు. రెండుసార్లు లాగాను. వస్తే కిరణ్ పోతాడని తెలుసు. తెలిసే లాగాను. మూడోసారి లాగేలోపు వెనక నుంచి పట్టు పడింది.

ఎవరు పట్టుకున్నారో, ముగ్గురినీ కాపాడినవాళ్ళు అందులో నన్ను కూడా ఎందుకు కలిపారో నాకు ఈ రోజుకీ తెలియదు.

మొన్న కిరణ్ కూతురి పుట్టినరోజుకి వెళ్ళాను. వాళ్ళావిడ స్రవంతి పాప చెయ్యి పట్టుకుని కేకు మొదటి ముక్క నా నోట్లో పెట్టించింది. "మాధవ్ అంకుల్ వల్లే కదమ్మా డాడీ ఉన్నాడు" అంది. కిరణ్ నవ్వుతూ ఫోటో తీశాడు.

నేను తిన్నాను. ఆ ముక్క ఎవరికి చెందాలో నాకు తెలియదు.