శంకరయ్య గారి గాజులు

స్త్రీ పాత్రలు ధరించిన మగవాళ్ళలో శంకరయ్య గారంతటి నటుడు గోదావరికి ఇవతల పుట్టలేదని కాగజ్‌నగర్ మిల్లు కాలనీలో చెప్పుకుంటారు. మగవాడై ఉండి అంత అచ్చంగా ఆడదానిలా ఏడ్వడం పూర్వజన్మ సుకృతమని కూడా అంటారు. ఈ మాటలో ఒకే ఒక్క చిన్న పొరపాటు ఉంది. శంకరయ్య గారు మగవాడు కాదు. ఆమె పేరు శంకరవ్వ.

బెల్లంపల్లి బొగ్గుబాయిల దగ్గర బ్యాండు మేళం నడిపిన అంతయ్యకు ఆమె ఒక్కతే కూతురు. పోలీసు చర్య అయిన మరుసటేడు అంతయ్య హైదరాబాదు పోయి ఒక మైకూ, ఒక గొట్టం లౌడ్‌స్పీకరూ, ఒక బ్యాటరీ తెచ్చాడు. అన్నీ ఇంటికి చేరాక, పాడే మనిషి కూడా కావాలన్న సంగతి గుర్తొచ్చింది. కొడుకును నిలబెట్టి పాడించాడు. వీధిలో కుక్కలు అభ్యంతరం తెలిపాయి. పొయ్యి దగ్గర కూర్చున్న కూతురు "ఇటియ్యి బాపూ" అని మైకు అందుకుని ఒక కేక వేసింది. కుక్కలతో సహా వాడకట్టంతా నిశ్శబ్దమైపోయింది.

ఆమె గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా, బొంగురుగా ఉండేది. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు ముందు నడిచేది, వెనక తెర కట్టిన ఎడ్లబండిలో లౌడ్‌స్పీకరు వచ్చేది, ఆ తెర లోపల, పెళ్ళికూతురికి కూడా లేనంత ఘోషాలో, శంకరవ్వ కూర్చుని పాడేది. డప్పుల మీద డ్రమ్ము, డ్రమ్ము మీద క్లారినెట్టు, అన్నిటి మీద ఆమె అరుపు. షిఫ్టు దిగిన కార్మికులు మొహాన మసి కడుక్కోకుండానే బండి ముందు దుమ్ము రేగగొట్టేవారు. సీమ దేశాల్లో ఇలాంటి పాట ఏదో పుట్టిందనీ, పడుచువాళ్ళు తలలూపి పాడైపోతున్నారనీ తరువాత్తరువాత పత్రికల్లో పడింది. బెల్లంపల్లి వాళ్ళు అప్పటికే దాన్ని అంతయ్య బ్యాండు అంటున్నారు. పాడవడం కూడా అయిపోయింది.

పాడేది ఎవరో మాత్రం ఎవరూ చూడలేదు.

"ఎవడే గాడు? గొంతు ఇనుము లెక్కున్నది!"

"అంతయ్య కొడుకు గావచ్చు."

బండిలో ఆమెకు ఆ మాటలు వినపడేవి. తెర తీసి "నేనే" అనాలని నాలిక చివరి దాకా వచ్చేది. అంతలో క్లారినెట్టు తరువాతి పాట ఎత్తుకునేది.

బ్యాండుతో తిరిగే పిల్లను ఎవరూ పెళ్ళి చేసుకోలేదు. అంతయ్య పోయాక అన్న గ్రామఫోను కొన్నాడు.

"రికార్డు బువ్వ అడుగది, సీర అడుగది" అని వివరించాడు చెల్లెలికి, నొచ్చుకోకూడదన్నట్టు. కళారంగంలో యంత్రాల ప్రవేశం గురించి పెద్దలు రాసిన వ్యాసాలన్నిటిలో ఇంత సూటి వాక్యం లేదు.

ఆ ఏడే దశరథం అనే ఆయన నాటకాల కంపెనీ బెల్లంపల్లిలో డేరా వేసింది. కంపెనీకి ప్రాణం రాయమల్లు. ఇరవై ఏళ్ళుగా రాణులు, దేవతలు, పతివ్రతలు అందరూ అతనే. పతివ్రతకు నలభై దాటాయి. నడక చెక్కుచెదరలేదు గాని గొంతు పగిలిపోయింది. ఓ పద్యం మధ్యలో ఆగి దగ్గితే రాజుగారు నీళ్ళు తెచ్చివ్వాల్సి వచ్చింది. సేటు దశరథం శంకరవ్వను తెర వెనక కూర్చోబెట్టి పాడించాడు. తెర ముందు రాయమల్లు పెదవులాడించేవాడు. అతని ఒళ్ళు, ఆమె గొంతు, ఇద్దరూ కలిస్తే ఒక రాణి.

గెడ్డం నీడ పౌడరుకు లొంగడం మానేశాక, "ఇగ నువ్వే కట్టు వేషం" అన్నాడు రాయమల్లు. నడక నేర్పడం మొదలుపెట్టాడు.

"ఏందే గది? బర్రెకు కుడితి వెట్టనీకి పోతున్నవా?"

"ఆడోళ్ళు గిట్లనే నడుస్తరు ఉస్తాద్. మా అవ్వ గిట్లనే నడిచేది."

"మీ అవ్వను సూడనీకి ఎవడన్న టికెట్ కొన్నడా?"

అలా ఒక మగవాడు ఒక ఆడదానికి ఆడతనం నేర్పాడు. కొంగు ఏ వేలితో అందుకోవాలో, మగని మీద పడి ఏడ్చేటప్పుడు మెడ ఏ పక్కకు వాలాలో అన్నీ అతని విద్యే. మొదటి ఆట చూసిన జనం మాత్రం పెదవి విరిచారు. "రాయమల్లులో ఉన్న ఆడతనం పిల్లకు లేదు" అన్నారు.

అసలు చిక్కు హుజూరాబాద్ దగ్గర ఒక ఊళ్ళో వచ్చింది. అంతకుముందు వచ్చిన ఏదో కంపెనీలో ఆడవాళ్ళుండేవారట. పటేలు తమ్ముడు ఆ కంపెనీ వెంట చాందా దాకా పోయి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆ ఊరి పొలిమేరలో కళకు నిషేధం. డేరా గుంజలు దింపుతుండగానే పటేలు వచ్చాడు.

"ఆడోళ్ళున్నరా మీ కంపెనీల?"

"రామ రామ! ఉన్నోళ్ళంత మొగోళ్ళే పటేలా" అన్నాడు సేటు.

"మరి గా బండి కాడ సీర కట్టుకొని కూసున్నదెవలు?"

"గాడు శంకరయ్య. వేషగాడు."

"గింత పొద్దుగాలనే వేషమా?"

"సాధన పటేలా. తిండి మాని సాధన జేస్తడు."

పటేలు దగ్గరకు పోయి చూశాడు. "ఏ ఊరు తమ్మీ?"

శంకరవ్వ సేటు మొహం చూసింది. సేటు చేతులు జోడించి ఉన్నాడు. "బెల్లంపల్లి పటేలా" అంది, ఆ బావి గొంతుతో.

"ఓర్నీ! గొంతు వినకపోతే నేను గూడ ఆడదనుకుందు!" అని పటేలు పొంగిపోయి, గుడి అరుగు మీద దిగమన్నాడు.

ఆ ఊళ్ళో ఆట అదిరిపోయింది. వెనకటి ఊళ్ళో పిల్లలో ఆడతనం లేదన్నారు, ఇక్కడి జనం పిల్లవాడిలో ఇంత ఆడతనమేమిటని ముక్కున వేలేసుకున్నారు. సేటు పోస్టరు మార్పించాడు. స్త్రీ పాత్రలో: శంకరయ్య. ఆ రోజునుంచి డేరా బయట ఆమెకు ధోవతి, పొడుగు చేతుల అంగీ, రుమాలు. ఉన్న రెండు చీరలూ కంపెనీ వేషాల పెట్టెలో చేరాయి. ఇప్పుడు రాయమల్లు మగనడక నేర్పాల్సి వచ్చింది. అతను మరిచిపోయి చాలాకాలమైంది. సంతలో ఎద్దుల బేరగాళ్ళ వెంట తిరిగి నేర్చుకొచ్చి చెప్పాడు.

"చేతులూపు. జాగంత నీదే అన్నట్టు నడువు."

"నాది గాదు గద ఉస్తాద్?"

"ఎవనిది గనుక? మొగోళ్ళు గట్లనుకొని నడుస్తరు, అంతే."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఆసిఫాబాద్ దారిలో ఒక పోచమ్మ గుడి దగ్గర, బండ్లు కంపెనీ సామానుతో ముందుకు సాగిపోయాక, రాయమల్లు ఆమె మెడలో పుస్తె కట్టాడు. సాక్షి సేటు. సంగతి బయటపడకూడదని పోచమ్మ ఎదుట ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

అప్పటినుంచి ఒక విచిత్రమైన కాపురం. పొద్దంతా ఆమె పుస్తె వేషాల పెట్టెలో గిల్టు నగల మధ్య ఉండేది. ఆట మొదలైతే మెడలోకి వచ్చేది. లోకం ఆమెను పెళ్ళాంగా చూసింది స్టేజీ మీదే, వేరేవాడి పక్కన. గాజులు మాత్రం పూటపూటకూ తీసిపెట్టేవి కావు. మట్టిగాజులు అలాగే ఉండిపోయాయి. ఎవరూ అడగలేదు. రాయమల్లుకూ అన్నేళ్ళు ఉన్నాయి కదా, వేషగాళ్ళ చేతులంతే.

ఒకసారి కడుపు నిలిచింది. సేటుకు అన్నం సయించలేదు. మూడో నెలలో పోయింది. సేటుకు ఆకలేసింది. "శంకరయ్య గారికి జ్వరం" అని మైకులో చెప్పించాడు. డేరా వెనక రాయమల్లు ఆమె పాదాలకు వేడి నీళ్ళ గుడ్డ కడుతూ కూర్చున్నాడు. ఆ పూట అతనన్న మాట ఒకటి ఆమె మనసులో నాటుకుంది.

"ఇరవై ఏండ్లు ఎంతమంది మొగల మీద వడి ఏడ్సిన్నో శంకరీ! పరద వడంగనే ఒక్కొక్కడు లేసి బీడి ముట్టించిండు. నేను సచ్చిననాడు నువ్వు నా మీద వడి ఏడువాలె. వేషం లెక్క గాదు."

"మరేం లెక్క?"

"నా పెండ్లాం లెక్క. నలుగురు వినంగ."

"గవేం మాటలు" అని ఆమె అతని నోరు మూసింది. కాని మాట ఇచ్చింది.

కంపెనీ కాగజ్‌నగర్‌లో ఉన్న ఏడాది రాయమల్లుకు దగ్గు ముదిరి రక్తం పడింది. మిల్లు కాలనీ పక్కన యాదవ్వ అనే జొన్నరొట్టెల ఆమె ఇంట్లో ఒక గది తీసుకున్నారు. యాదవ్వకు మొగుడు లేడు, మాటలు తక్కువ. గురుశిష్యులిద్దరూ అన్యోన్యంగా ఉంటారని మెచ్చుకునేది. ఒక పొద్దున రాయమల్లు శంకరవ్వ చెయ్యి పట్టుకుని, గాజుల మీద వేలు పోనిస్తూ పోనిస్తూ ఆగిపోయాడు.

సేటు పరుగెత్తుకొచ్చాడు. చనిపోయినవాడి కాళ్ళు మొక్కి, తలుపు దగ్గరకు వేసి, గుసగుసగా అన్నాడు. "బయట మిల్లోళ్ళంత జమైండ్రు. ఇన్నేండ్ల సంది మొగోనివని ఆడుతున్నం. ఆడదానివని తెలిస్తే దగా జేసిండ్రని డేరా కాలవెడ్తరు. నా మాటిను. మొగోని లెక్క మౌనంగ పాడె వట్టు. గీ బస్తీ దాటినంక ఎంతన్న ఏడువు."

"బస్తీ దాటినంక సావుమని ఆయనకు జెప్పకపోతివి సేటూ?"

ఆమె ధోవతి విప్పేసింది. సేటు గోడవైపు తిరిగాడు. కట్టుకుందామంటే సొంత చీర అంటూ ఒకటి లేదు. ఆమెవి రెండూ ఎప్పుడో చాకలిదాని వేషాలకు వాడి వాడి చినిగిపోయాయి. పెట్టెలో పైనున్నది రాణి చీర, జరీ అంచుది. అదే కట్టుకుంది. పుస్తె వెతికి మెడలో వేసుకుంది. వాకిట్లో పండబెట్టిన రాయమల్లు మీద పడింది.

ఆ ఏడుపు విన్నవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. బ్యాండును మింగిన గొంతు అది, దానికి ఇప్పుడు తెర లేదు.

"నడక నేర్పినోడా, నా అయ్యో, తొవ్వ సెప్పకపోతివి… పెట్టెల దాసిన పుస్తె, నా అయ్యో, ఎవలకు సూపుదు…"

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మిల్లు కార్మికులు తలలు వంచుకున్నారు. కాసేపటికి ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ పక్కవాడితో అన్నాడు. "శంకరయ్య, ఉస్తాద్ నేర్పిన విద్యంత ఉస్తాద్‌కే అప్పజెప్తుండు. శిష్యుడంటే గట్లుండాలె."

ఆమె తలెత్తింది. "నేను శిష్యుణ్ణి గాను. ఆయన పెండ్లాన్ని! నా పేరు శంకరవ్వ!"

"సూసినవా? వేషంల మునిగిపోయిండు. ఒళ్ళు తెలుస్తలేదు పాపం" అన్నాడు ముసలాయన, మరింతగా ఏడుస్తూ. వెనక ఎవడో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టబోతే పక్కవాడు చేతులు పట్టుకున్నాడు.

తలుపు సందులోంచి చూస్తున్న సేటు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. బతికిపోయాడు. అతని మొహంలో ఆ నిమ్మళం చూశాక శంకరవ్వ గొంతు ఆగిపోయింది.

శవాన్ని లేపారు. మగవాళ్ళు మర్యాదగా తప్పుకుని పాడె ముందు కొమ్ము ఆమెకిచ్చారు. రాణి చీర కట్టుకుని ఆమె మొగుణ్ణి భుజాన మోసింది.

దినాల రోజున అందరూ పెద్దవాగుకు పోయారు. మంగలి కత్తి నూరుకుంటూ, "తమ్మీ, నీకు గూడ గొరుగాల్నా?" అని అడిగాడు. "వద్దొద్దు, శనివారం ఆటున్నది" అన్నాడు సేటు. ఆమె ధోవతిలో ఒడ్డున కూర్చుని ఉంది. ఏ ఇంటి ముసలమ్మలైనా వచ్చి తన చేతులు పట్టుకుంటారేమోనని పొద్దుటినుంచీ చూస్తోంది. ఎవరొస్తారు? మగవాడి గాజులు పగలగొట్టాలని ఏ శాస్త్రంలోనూ లేదు. తిండ్లయ్యాయి. కల్లు తాగినవాళ్ళు రాయమల్లు నడక అనుకరించి నవ్వుకుని, ఏడ్చుకుని, లేచిపోయారు.

యాదవ్వ గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"అందరు నీ ఏడ్పు సూసిండ్రు" అంది. "నేను ఏడ్పు అయినంక సూసిన. పీనుగను లేపినంక, పండవెట్టిన జాగల చెయ్యి వెట్టి సూసినవు, ఎచ్చగున్నదా అని. నేనూ గట్లనే సూసిన, మా ఆయన పోయిననాడు. వేషగానికి గది ఎవడు నేర్పుతడు?"

వాగు చిన్నగా పారుతోంది.

"చేతులియ్యి చెల్లె" అంది యాదవ్వ, ఒక గుండ్రాయి ఏరుకుని.

శంకరవ్వ అంగీ చేతులు పైకి మడిచి రెండు చేతులూ చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అక్కా, ఇంకొక్కసారి అను."

"ఏంది?"

"గదే. నన్ను పిలిచిన మాట."

"చెల్లె" అంది యాదవ్వ. చేతులు తన ఒళ్ళోకి తీసుకుని, తడిగుడ్డ కప్పి, మెల్లగా కొట్టింది.

శనివారం డేరా నిండిపోయింది. శంకరయ్య గారికి జ్వరమని మైకులో చెప్పారు. ఆ మాట కాలనీ అంతటా వినపడింది. యాదవ్వ ఇంటి పొయ్యి దగ్గర, పాత తెల్లచీరలో, బోసి చేతులతో జొన్నరొట్టె కొడుతున్న మనిషికి కూడా వినపడింది. ఆమె ఒక క్షణం చెయ్యి ఆపి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. రొట్టెల కోసం వచ్చిన మిల్లు కార్మికుడు "కొత్త మనిషెవలు యాదవ్వా?" అని అడిగాడు. "నా చెల్లె" అందామె. అతనికి అందులో వింతేమీ కనపడలేదు. రొట్టెలు మూట కట్టుకుని, శంకరయ్య గారి జ్వరం ఎప్పటికి తగ్గుతుందోనని విచారిస్తూ వెళ్ళిపోయాడు.