ఇంటర్నెట్ మచ్చు

సువార్త ఫోన్ చేయకపోతే ఆ మార్చిలో నేను వినుకొండ వైపు వెళ్లేదాన్నే కాదు. గుంటూరులో నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న అమ్మాయి. టీచరుద్యోగం మానేసి, వినుకొండ అవతల ఒక మండల కేంద్రంలో రెండు పాత కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టుకుంది. కుర్రాళ్లు చెడిపోతున్నారని ఎవరో చెప్పగా, దాన్ని మూయించాలని మండలాధ్యక్షుడు తీర్మానం రాయించారట. మీరొచ్చి అదేమిటో ఆయనకి చెప్పండి మేడమ్, అంది.

ఉదయం ఆరుంపావుకి ప్యాసింజర్ ఎక్కాను. ఆ దారిన వెళ్లేవాళ్లు కిటికీ సీటు వదులుకోకండి. ఫిరంగిపురం దాటాక రెండు పక్కలా కల్లాలే, కల్లాల నిండా ఎండుతున్న మిరపకాయలే. ఆ ఎరుపు కళ్లలో ఉండగానే కునుకు పట్టేది, ఘాటుకి తుమ్మొచ్చి మెలకువ వచ్చేది. ఏది నిద్రో ఏది మెలకువో తెలియలేదు. పక్కనున్న పెద్దావిడ సావల్యాపురంలో కూతురింటికి వెళ్తోంది. కూతురు స్టేషన్ వెనకే కౌలుకి మిరప వేసిందట, నిన్ననే కోసి కల్లంలో పోశారట.

"ఇంకో నాలుగెండలు కాస్తే చాలమ్మా, గట్టెక్కుతాం," అంది.

కాస్తాయిలెండి అన్నాను, నాకేదో తెలిసినట్టు.

తొమ్మిదిన్నరకి వినుకొండ. స్టేషన్ ఎదుట ఇడ్లీ తిని బస్సెక్కితే ముప్పావుగంట.

అధ్యక్షులవారు పదకొండింటికి సెంటర్‌కే వచ్చారు. మిరప రైతు, వ్యాపారి కూడా. బస్తాలోంచి మచ్చుకి గుప్పెడు కాయ తీసి, ఒకటి తుంచి, వాసన చూసి ధర చెప్పే మనిషి. ఇంటర్నెట్ అంటే ఏమిటో అరగంట చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"సరుకు చూడకుండా ఎట్లా చెప్పనమ్మా? మచ్చు తీయండి," అన్నారు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత, అడిగింది సబబే అనిపించింది. దేన్ని మచ్చు తీయాలి? వీధి చివర ఆయన కల్లం కనిపిస్తోంది. ఉపగ్రహం తీసిన మబ్బుల ఫొటో తెరిచాను.

ఫోన్ లైను నాలుగోసారికి కలిసింది. బొమ్మ పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా దిగుతోంది. ఫ్యాను చప్పుడు వింటూ అందరం ఆ నీలాన్ని చూస్తూ కూర్చున్నాం. సముద్రం వచ్చింది. దాని మీద తెల్లగా పెద్ద ముద్ద, అంచు బాపట్ల దాకా.

ఆయన లేచి బయటికెళ్లి ఆకాశం చూశారు. మబ్బు తునక లేదు. పచ్చి ఆరని కాయని కుప్ప చేసి కప్పితే రంగు పోతుందని ఆయనకి తెలుసు. అయినా మనిషిని పిలిచి కప్పేయమన్నారు.

"సాయంత్రానికి వాన పడితే తీర్మానం చించేస్తా. పడకపోతే రేపు తాళం పడుద్ది," అని వెళ్లిపోయారు.

సువార్త అన్నం పెట్టింది, తను మాత్రం తినలేదు. మూడింటికి బస్సెక్కాను. జన్మలో మొదటిసారి మిరప కాలంలో వాన కోరుకున్నాను. అలా కోరుకుంటుండగానే రైల్లో పెద్దావిడ మాట గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

అయిదుంపావు రైలు సావల్యాపురంలో ఒక్క నిమిషం ఆగింది. దిగుతున్న ఒకతన్ని ఆపి, స్టేషన్ వెనక కౌలు మిరప వాళ్లని కల్లం కప్పుకోమనండి, వానొస్తోంది అన్నాను. అతను ఎర్రటి ఎండలోకి చూశాడు.

"ఎవరు చెప్పారండీ?"

కంప్యూటర్ అనబోయి ఆగాను.

"మండలాధ్యక్షులవారు," అన్నాను.

అతను పరుగెత్తాడు. రైలు కదిలింది. తూర్పుకి, మబ్బుకి ఎదురుగా, జోగుతూ వెళ్తున్నాం. నరసరావుపేట రాకముందే గాలి చల్లబడింది. కిటికీ ఊచల మీదున్న నా చేతి మీద ఒక చినుకు పడింది. తర్వాత ఇంకోటి. సువార్త సెంటర్ తలుపు రేపూ తెరిచే ఉంటుంది. నేను వాచీ చూసుకుని, ఈ వాన సావల్యాపురం చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్కవేస్తూ కూర్చున్నాను.