నేను చెప్పని నాలుగు ఖాళీలు

కర్ణాటకలో పావగడ పక్కన, తిరుమణి దగ్గర సోలార్ ప్లాంటు కంట్రోల్ రూములో నాకు ఉద్యోగం. మా వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఏ ఇన్వర్టరు ఎంత కరెంటు ఇస్తోందో, ఏది ఆగిపోయిందో తెర మీద చూస్తూ ఉండి, సాయంత్రానికి రిపోర్టు పంపాలి. చేరిన కొత్తలో ఆ రిపోర్టుకే ప్రాణం పోయేది. ఒక ఫైలులోంచి అంకెలు తీయడం, ఇంకో ఫైలులో అతికించడం. ఆ విసుగు భరించలేకే ముప్పై ఎనిమిదో ఏట పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. పక్కన కూర్చుని నేర్పేవాళ్లు లేరు. ఇంటర్నెట్‌లో కొత్తవాళ్లు ప్రశ్నలు అడిగే చోటికి వెళ్లి, నాకొచ్చిన వంకర ఇంగ్లీషులో అడిగేవాణ్ణి. ఏ ఊరివాళ్లో, ఏ దేశం వాళ్లో, ఓపిగ్గా జవాబు ఇచ్చేవాళ్లు. కొన్నాళ్లకు రిపోర్టు దానంతట అదే తయారై కూర్చోవడం మొదలుపెట్టింది.

ఈ సంగతి ఊళ్లో తెలిసి, డిప్లొమా చదివే పిల్లలు నలుగురైదుగురు వచ్చి మాకూ చెప్పమన్నారు. పంచాయతీ గ్రంథాలయంలో రెండు కంప్యూటర్లు ఉంటే, ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాం. కొత్తవాళ్లకు వచ్చే చిక్కులు చిన్నవే. బ్రాకెట్ మూయరు. పేరులో ఒక అక్షరం మారుతుంది. ఫైలు ఒక చోట పెట్టి ఇంకో చోట వెతుకుతారు. నేను భుజం మీదుగా చూసి, "జరుగప్పా" అని మౌస్ లాక్కుని, టకటకా సరిచేసి లేచేవాణ్ణి. వాళ్లు మళ్లీ వారం అదే తప్పుతో వచ్చేవాళ్లు. వీళ్ల బుర్రలోకి ఎక్కదు అని ఇంటికెళ్లి మా ఆవిడతో విసుక్కునేవాణ్ణి.

ఆ అమ్మాయి వచ్చింది అప్పుడే. వాళ్లది నాగలమడిక పక్క పల్లె. ఒకప్పుడు గొర్రెలు మేపిన ఇల్లు. వాళ్ల నాన్న ఇప్పుడు మా ప్లాంటులో సోలార్ పలకల మధ్య మొలిచే గడ్డి కోసే పనిలో ఉన్నాడు. ఒక ఆదివారం కూతుర్ని బైకు మీద తీసుకొచ్చి, గుమ్మం దగ్గర నిలబడి అన్నాడు. "సార్, మా పాపకు కండ్లు కనపడవు. చిన్నప్పటినించీ అంతే. తుమకూరులో ఆస్టల్లో ఉండి డిగ్రీ చేసింది. ఏందో కంప్యూటరు నేర్చుకోవాలంటాది. మీరు చెప్తారని ఎవరో అంటే ఇంటిమి."

ఆ అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. బల్ల అంచు తడిమి కూర్చుని, సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. మూత తెరిచి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని గబగబా టైపు చేయసాగింది. తెర మాత్రం నల్లగా ఉంది.

"ముందు ఆన్ చేయమ్మా" అన్నాను.

"ఆన్‌లోనే ఉండాది సార్. తెర నాకెందుకు, బ్యాటరీ దండగ అని ఆర్పేసినా."

గదిలో ఉన్న పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. నాకు మాత్రం చేతులు కట్టేసినట్టయింది. భుజం మీదుగా చూడటానికి ఏమీ లేదు. లాక్కుని సరిచేయడానికి మౌసే లేదు. ఆమె మొత్తం మీటల మీదే నడిపిస్తుంది. తెర మీది అక్షరాలను ఒక సాఫ్ట్‌వేర్ చెవిలో చదివి వినిపిస్తుంది. అది ఎంత వేగంగా చదువుతుందంటే, ఇయర్‌ఫోను నా చెవిలో పెడితే రేకు మీద వడగళ్లు పడ్డట్టు వినిపించింది.

మొదటి రోజే చిక్కు వచ్చింది. పైథాన్‌లో ఒక లైను కింద పని చేయాల్సిన లైన్లను కాస్త లోపలికి జరిపి రాయాలి, మామూలుగా నాలుగు ఖాళీలు. కంటికి అది మెట్టులా కనిపిస్తుంది. ఆమె రాసిందానికి తప్పు చూపించింది.

"ఆ రెండో లైను లోపలికి జరపాలమ్మా" అన్నాను.

"యాడికి లోపలికి సార్? నాకు అన్ని లైన్లూ ఒకే మాదిరి ఇనపడతాయి. ఖాళీని ఇది చదవదు."

ఆ వారం నేను మళ్లీ ఇంటర్నెట్‌లో ఆ పాత చోటికే వెళ్లి అడిగాను. చూపు లేని ప్రోగ్రామరు ఒకరు జవాబు రాశారు. ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఒకటి మారిస్తే, ప్రతి లైను ముందూ ఎన్ని ఖాళీలున్నాయో అదే చెబుతుందట. తర్వాతి ఆదివారం ఆ సెట్టింగు వెతికి మార్చాం. "నాలుగు ఖాళీలు" అని చెవిలో వినపడగానే ఆ అమ్మాయి బల్ల మీద చేత్తో కొట్టింది.

"ఇదేంది సార్, ఇంత సులువుగా ఉండాది!"

అప్పటినుంచీ ఆమె పిల్లలందరినీ దాటిపోయింది. నాకేమో ప్రతిదీ నోటితో చెప్పక తప్పేది కాదు. ఏ లైను, ఏ గుర్తు, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు. చెప్పడం నాకు రాదని అప్పుడే తెలిసింది. "అది తీసి అక్కడ పెట్టు" అనేవాణ్ణి. "ఏది సార్? యాడ?" అనేది.

ఆమె పైథాన్ నేర్చుకోవడానికి ఒక కారణం ఉంది. పీయూసీలో, అంటే ఇంటర్‌లో, ఉన్నప్పుడు హాస్టల్లో ఆమె గదిలో ఉన్న స్నేహితురాలికి కొద్దిగా చూపు ఉండేది. ఆ పిల్ల కన్నడం చరిత్ర పుస్తకమంతా కంటికి దగ్గరగా పట్టుకుని చదువుతూ, పాత ఫోనులో రికార్డు చేసి పెట్టింది. మొత్తం నలభై మూడు ముక్కలు. ఫైళ్లకు ఫోను పెట్టిన పేర్లు, అంటే పొడుగాటి అంకెలు. ఏ ముక్క ఎక్కడుందో వెతకాలంటే ఒక్కోటీ వినుకుంటూ పోవాలి. వాటికి వరసగా పాఠం ఒకటి, పాఠం రెండు అని పేర్లు పెట్టి, జూన్‌లో కాలేజీ తెరిచేలోగా హాస్టల్లో చిన్నవాళ్లకు ఇస్తానని మాటిచ్చిందట.

"కన్నడం చదివే మిషన్లు ఉన్నాయి కదమ్మా?" అని అడిగాను.

"చదువుతాయి సార్. బొమ్మ వస్తే ఊరకుంటాయి. ఆ పిల్ల మ్యాపులు కూడా చెప్తుండె."

ఏప్రిల్‌లో ఒక గురువారం నేను డ్యూటీలో ఉండగా ఫోను చేసింది. రాసిన ప్రోగ్రామ్ పేరు మార్చే దగ్గర ఆగిపోతోందట. ఆదివారం దాకా ఆగమనాల్సింది. రెండు ఇన్వర్టర్లు ఆగిపోయి పైవాళ్ల ఫోన్లు వస్తున్నాయి. త్వరగా వదిలించుకోవాలనిపించింది. నా రిపోర్టు ప్రోగ్రామ్‌లోంచి లైన్లు తీసి, "కొట్టుకో" అని గబగబా చెప్పాను. ఒక్కో ఫైలునూ తీసుకో. నెంబరు వేసి పేరు మార్చు. నెంబరుకు ఒకటి కలుపు. అంతే. ఫోను పెట్టేశాను.

పావుగంటకు మళ్లీ ఫోను.

"సార్, ఫోల్డర్లో ఒక్కటే ఉండాది."

"ఏం ఒక్కటి?"

"ఒక్క పాఠమే ఉండాది సార్. కడమవి యాడికి పోయినాయో తెల్దు."

కాపీ ఉందా అని అడిగాను. లేదు. ఆ పాత ఫోను ఎప్పుడో పాడైపోయింది. స్నేహితురాలికి పెళ్లై చిత్రదుర్గం అవతల ఉంది. ఆమె దగ్గరా ఏమీ లేవు.

"నేనే ఏందో తప్పు కొట్టినట్టుండాను సార్" అంది.

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "అయ్యుంటుందిలేమ్మా, ఆదివారం చూద్దాం" అన్నాను.

నిజానికి అప్పటికే నా తెర మీద ఆ లైన్లు తెరిచి ఉన్నాయి. ఫోను పెట్టగానే చూశాను. ఒకటి కలిపే లైను నాలుగు ఖాళీలు లోపల ఉండాలి. ఆ మాట నేను చెప్పలేదు. అది బయట ఉండిపోయేసరికి నెంబరు ఒకటి దగ్గరే ఆగిపోయింది, ఫైళ్లన్నిటికీ ఒకటే పేరు పడింది. పైగా నేనిచ్చిన ఆదేశం, ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉంటే అడక్కుండా దాన్ని చెరిపేసి కొత్తది పెట్టే రకం. నా రిపోర్టుకు అదే కావాలి. నిన్నటిది పోయి ఇవాళ్టిది రావాలి. అలా ఒక్కో పాఠం ముందటిదాన్ని మింగుకుంటూ పోయి చివరిది మిగిలింది.

శుక్రవారం చెబుదామనుకున్నాను. శనివారం ఫోను తీసి మళ్లీ పెట్టేశాను. ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయి, కాపీ పెట్టుకోవాల్సింది ఆమే కదా అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆదివారం ఆమె నాకంటే ముందే వచ్చి కూర్చుంది. పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి మధ్యాహ్నమంతా చూశాం. మూడు ముక్కలు దొరికాయి, అవీ గరగరమంటూ. అప్పుడు ఆమె నెమ్మదిగా అంది.

"ఇంట్లో పది ఉత్త ఫైళ్లు చేసుకుని మళ్లా నడిపి చూసినా సార్. ఆ కలిపే లైను లోపల ఉండాల. నేను బయట కొట్టినా. కొట్టేటప్పుడే నా మిషను 'ఖాళీ లేదు' అని చెప్పె. మీరు చెప్పినారు గదా, అట్లే ఉండాలేమో అనుకొంటి. మీరు లోపలికని చెప్పింటారు, నేనే సరిగ్గా ఇనలేదేమో."

నాకు తప్పించుకునే దారి ఆమే చూపించింది. అది ఇంక భరించలేకపోయాను.

"నేను చెప్పలేదమ్మా. ఆ పేరు మార్చే ఆదేశం కూడా తప్పుదే ఇచ్చాను. నాకు గురువారమే తెలుసు."

గదిలో పిల్లలు టైపు చేయడం ఆపేశారు. ఆమె ఇయర్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"గురువారమేనా?"

"ఆ."

"నాలుగు దినాలు అన్నం సయించలేదు సార్ నాకు. ఆ పాఠాలు చదివిచ్చిన పిల్ల ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏం మొగం పెట్టుకుని ఎత్తేది? నా చేతులే మంచివి కాదనుకొంటి."

లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని, "నాయనా, పోదాం పా" అని బయటికి కేకేసింది. వాళ్ల నాన్నకు ఏం జరిగిందో తెలియదు. నాకు దండం పెట్టి, కూతుర్ని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆ దండం ఎదురుగా నిలబడలేకపోయాను.

రెండు ఆదివారాలు ఆమె రాలేదు. మూడోవారం పావగడలో పాత పుస్తకాల దుకాణంలో ఆ చరిత్ర పుస్తకం వెతికి కొనుక్కుని, వాళ్ల ఊరికి వెళ్లాను. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని చెనక్కాయలు వొలుస్తోంది. నా గొంతు గుర్తుపట్టి చెయ్యి ఆపింది.

"పుస్తకం తెచ్చినాను. నేను చదివి రికార్డు చేసిస్తాను. నువ్వు సరే అంటేనే" అన్నాను.

ఒలిచిన గింజలు చేటలో పోసి చెప్పింది. "గబగబా చదవగూడదు. పేజీ నెంబరు చెప్పాల. బొమ్మ వస్తే బొమ్మ చెప్పాల, దాటిపోగూడదు."

రికార్డు చేయడానికి చోటు దొరకడం కష్టమైంది. ఇంట్లో మిక్సీ, పిల్లల గోల. ప్లాంటులో ట్రాన్స్‌ఫార్మర్ల మూలుగు. బయట మా గాలి సంగతి చెప్పనక్కరలేదు. చివరికి భోజనాల వేళ ప్లాంటు జీపును దూరంగా పలకల వరసల చివర ఆపి, అద్దాలన్నీ ఎత్తేసి చదివేవాణ్ణి. మే నెల. పేజీల మీద చెమట చుక్కలు పడేవి. సగం పాఠాలు ఆదివారాలు మా ఆవిడ చదివింది.

చదవడం చేతనయింది గానీ మ్యాపులు చెప్పడం కాలేదు. మొదటి మ్యాపుకు "ఎడమ పక్క సముద్రం" అని చెప్పి పంపితే, వెంటనే ఫోను వచ్చింది. "ఎవరి ఎడమ పక్క సార్? పడమర అనండి. ఆ రాజ్యం మన పావగడకు ఏ దిక్కున ఉండాదో చెప్పండి, ఆడినుంచి నేను పోతాను." ఆ మ్యాపు నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి "ఇప్పుడు కనపడతాంది" అంది. ఆమె నాతో కాస్త మామూలుగా మాట్లాడింది అప్పుడే.

పేర్లు మార్చే ప్రోగ్రామ్ ఆమే మళ్లీ రాసింది. నన్నొక్క మాట అడగలేదు. ముందు మొత్తం ఫోల్డరును ఇంకో చోట కాపీ చేస్తుంది. తర్వాత ప్రతి ఫైలుకూ పాత పేరు, పెట్టబోయే పేరు చదివి వినిపించి, అవునా కాదా అని అడుగుతుంది. ఆ పేరుతో ఇంకోటి ఉంటే అక్కడే ఆగిపోతుంది. నాకు ఫోనులో ఒక్కో లైనూ ఖాళీలతో సహా చదివి వినిపించింది. వెతికినా తప్పు దొరకలేదు.

జూన్ మొదటి వారంలో ముగ్గురం బస్సులో తుమకూరు వెళ్లాం, ఆమె, వాళ్ల నాన్న, నేను. రికార్డులు ముందే పంపడంతో హాస్టల్ పిల్లలు అప్పటికే వినేశారు. నేను గుమ్మంలో నిలబడి కన్నడంలో "నమస్కారమ్మా" అన్నానో లేదో, లోపల్నుంచి ఒక పిల్ల, "ఇతిఆస సార్ బందరు!" అని అరిచింది. అందరూ గొల్లున నవ్వారు. కన్నడంలో ఇతిహాస అంటే చరిత్ర, బందరు అంటే వచ్చారు. మా పల్లె తెలుగు నోటికి 'హ' పలకదు. నేను చదివిన పాఠాల పొడుగునా ఇతిహాసను ఇతిఆస అనే చదివానట. నాకైతే ఆ సంగతే తెలియదు. మళ్లీ చదివి పంపుతానంటే, వద్దు సార్, అట్లే బాగుంది అన్నారు.

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో వాళ్ల నాన్న నా పక్కన కూర్చున్నాడు. "పాప అంతా చెప్పింది సార్" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. "నేను మేపే మందలో కూడా ఒగసారి మందు తప్పు తాపి గొర్రెపిల్లల్ని సంపుకొంటి. యజమానికి చెప్పనీక వారం పట్టె" అన్నాడు. ఆ తర్వాత పావగడ వచ్చేదాకా ఇద్దరం గొర్రెల రోగాల గురించి మాట్లాడుకున్నాం.

ఆమె ఇప్పుడు ఇంటినుంచే ఉద్యోగం చేస్తోంది. చూపు లేనివాళ్లకు వెబ్‌సైట్లు సరిగ్గా వినపడతాయో లేదో పరీక్షించే పని. మొదటి రెండు ఇంటర్వ్యూలు పోయాయి, మూడోదాంట్లో తీసుకున్నారు. ఆదివారం క్లాసు నడుస్తూనే ఉంది. నెలకు ఒకసారి ఆమె కూడా వచ్చి కూర్చుంటుంది. పిల్లలు తప్పు వచ్చిందని పిలిస్తే నేను దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి పెట్టుకుని, "ఏం రాసినావో మొదటినుంచి చదువప్పా" అంటాను. సగం మంది చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, "ఓ, దొరికింది సార్" అంటారు. మిగతా సగం మందికి దొరకదు. వాళ్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాను.